మళ్ళీ రానన్న దోమగారు

భీమవరం
ఏప్రిల్ 14, 2025

పోతురాజు బాబాయ్ గారికి,

నమస్కారం. నేను హారతిని, జోలపాట దోమల కాయిల్స్ చంద్రరావు గారి అమ్మాయిని. మీరు మా ఫ్యాక్టరీకి వచ్చినప్పుడల్లా మీ నిచ్చెన ఎక్కుతానని పేచీ పెట్టిన పిల్లని నేనే. నాన్నగారు పోయి ఏడాదిన్నర అయింది. ఈ మధ్య ఆయన బీరువా సర్దుతుంటే మీరు బొమ్మలు వేసిన గోడల ఫొటోలు నాలుగు వందల పైచిలుకు దొరికాయి. ఒక ఫొటో వెనక నాన్న రాసుకున్నారు: "పోతురాజుకి చెవులు వినపడవు. ఫోను దండగ. ఉత్తరం రాస్తే వెంటనే జవాబిస్తాడు." అందుకే ఈ ఉత్తరం.

ఆ ఫొటోలన్నీ నేల మీద పరుచుకుని ఒక పూటంతా కూర్చున్నాను. మీ దోమగారు ఎంత బావున్నారండీ! బొజ్జ, మీసం, భుజాన కండువా, చంకలో గొడుగు, చేతిలో ట్రంకు పెట్టె. పారిపోతున్న దోమని ఎవరైనా వేస్తారు. సెలవు తీసుకుని పెద్దమనిషిలా వెళ్ళిపోయే దోమని మీరు తప్ప ఎవరు వేశారు? ఇక ఆయన మాటలు! "పొమ్మంటే పోయేవాణ్ణి కదండీ, పొగెందుకండీ!" ఇది చదివి నవ్వని మనిషి ఈ రెండు జిల్లాల్లో లేడు. "పక్కింటికి వెళ్తానండి, ఏమీ అనుకోకండి" అన్న గోడ పక్కింటివాళ్ళు ఆ సాయంత్రమే మన కాయిలు కొన్నారని నాన్న అందరికీ చెప్పేవారు.

ఇప్పుడు అసలు సంగతి. మా అన్నయ్య సత్యప్రసాద్ హైదరాబాదులో ఒక ఏజెన్సీతో మాట్లాడాడు. వాళ్ళు కాయిల్ మ్యాన్ అని ఒక కండల వీరుణ్ణి తయారుచేశారు. ఎర్ర కోటు, ఛాతీ మీద కాయిలు. జూన్ 9న డీలర్ల మీటింగు. ఆ రోజు వాళ్ళు కాయిల్ మ్యాన్‌కి సరే అంటే మీ గోడలన్నిటికీ సున్నం కొట్టించేస్తాడు అన్నయ్య. దోమగారు పాతబడిపోయారని అతని వాదన. కాదని చూపించడానికి నాకు అయిదు కొత్త బొమ్మలు, అయిదు కొత్త మాటలు కావాలి. మీరు తప్ప నాకు దిక్కు లేదు.

మీ
హారతి


యానాం
ఏప్రిల్ 21

హారతమ్మ గారికి పోతురాజు నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమూ దోమలూ అందరం క్షేమం. అక్కడ మీరు క్షేమమనీ, దోమలు క్షేమంగా లేవనీ తలుస్తాను. నాన్నగారి కబురు నాకు ఆలస్యంగా తెలిసిందండి. మనసుకి బాగా కష్టమైంది. పడవల మీద పేర్లు రాసుకునేవాణ్ణి పిలిచి గోడ ఇచ్చిన మహానుభావుడు.

దోమగారు ఎలా పుట్టారో మీకు తెలియదేమో. మొదట నాన్నగారు చచ్చిన దోమని వెయ్యమన్నారండి, నాలుక బయటపెట్టి, కాళ్ళు పైకెత్తి. ముమ్మిడివరంలో వెంకటరాజు గారి గోడ మీద వేశాను. రంగు ఆరకముందే ఆయన వచ్చి, "శుభమా అని సున్నం వేయించుకుంటే గోడ మీద శవాన్ని పడుకోబెట్టావేంటయ్యా!" అని కేకలు. సరే, చంపొద్దు, పంపిద్దాం అనుకుని లేపి నిలబెట్టి చేతికి పెట్టె ఇచ్చాను. కింద "వెళ్ళొస్తానండి" అని రాశాను. మన ఇళ్ళల్లో ఎవరైనా వెళ్తున్నానంటారాండి? వెళ్ళొస్తాననే కదా అంటాం. చెయ్యి అలవాటుగా రాసేసింది. ఈసారి వాళ్ళావిడ చీపురు పట్టుకొచ్చారు. "మళ్ళీ వచ్చేదానికి ఇక మీ కాయిలెందుకయ్యా?" అన్నారు. అప్పుడు మార్చానండి: "మళ్ళీ రానండి. మాటంటే మాటేనండి, ఆయ్!" ఆ గోడ ఇప్పటికీ ఉంది. వెంకటరాజు గారు వేరే కంపెనీకి ఇవ్వలేదు.

మీ నాన్నగారు ఆ రోజుల్లో పదిమందిలో నా భుజం తట్టి, "చెయ్యి కంటే బుర్ర గొప్పదిరా నీది" అన్నారు. ఆ మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది, వేరే మాట దూరడానికి చోటు లేకుండా.

అయిదు బొమ్మలు ఇందులో పెట్టాను. మాటలు కూడా రాశాను:

దోమలను తరుముదాం, ఆరోగ్యం పెంచుదాం.
పరిసరాల పరిశుభ్రత మనందరి బాధ్యత.
జోలపాట వెలిగించండి, హాయిగా జీవించండి.

మిగతా రెండూ బొమ్మల కిందే ఉన్నాయి. మా ఆవిడ మహాలక్ష్మమ్మ మోకాళ్ళ నొప్పులతో రెండేళ్ళుగా చేపల గంప ఎత్తడం మానేసింది. ఇంట్లోనే ఉంటోంది. మిగతా అంతా మామూలే.

ఇట్లు
పోతురాజు


భీమవరం
మే 3

బాబాయ్ గారికి,

బొమ్మలు అందాయి. డెబ్బై ఏళ్ళ చెయ్యి అంటే ఎవరూ నమ్మరు. గొడుగు మూసుకుపోక దోమగారు కుస్తీ పడుతున్న బొమ్మని నా టేబులు ముందు అంటించుకున్నాను. పొద్దున్నే చూస్తే రోజంతా బావుంటోంది.

మాటల గురించి దాచకుండా రాస్తాను, కోప్పడకండి. మా ప్యాకింగులో సూర్యకళ అని ఇరవై ఏళ్ళుగా పనిచేస్తోంది. దోమగారి మాటలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. మీ కొత్తవి చదివి వినిపించాను. "అమ్మా, ఇవి దోమ చెప్పినట్టు లేవండి. ఆరోగ్య శాఖవాళ్ళు దోమ వేషంలో వచ్చినట్టుందండి" అంది. నాకు నవ్వొచ్చింది. ఇవి పట్టుకెళ్తే అన్నయ్య చేతిలో నేను ఓడిపోయినట్టే.

పాత ఫొటోలు మళ్ళీ చూశాను. మీ దోమగారు ఎప్పుడూ గుమ్మం బయటే నిలబడి లోపలున్న ఇల్లాలితో మాట్లాడతారు. బేరం తెగనట్టు, అయినా మర్యాద తప్పనట్టు. గోడలకి రంగులేసే మనిషికి ఆ గుమ్మం భాష ఎక్కడ దొరికింది?

ఇంకో విచిత్రం. నాన్న గదిలో మన గోడలన్నిటికీ గుండుసూదులు గుచ్చిన మ్యాపు ఉంది. కోనసీమంతా సూదులే. కొవ్వూరు అవతల కూడా ఉన్నాయి. కానీ గోదావరికి మీ యానాం వైపు పది ఊళ్ళలో ఒక్క సూది లేదు. సొంత ఊరి చుట్టూ ఒక్క గోడైనా ఎందుకు వెయ్యలేదు బాబాయ్ గారూ?

హారతి


యానాం
మే 11

హారతమ్మ గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివి బియ్యం డబ్బాలో దాచాను. మా ఇంట్లో దాచాల్సిన పని లేదండి, మహాలక్ష్మమ్మకి చదువు రాదు. అయినా దాచాను. దొంగకి అలవాటు పోదు కదా.

ఆ మాటలు నావి కావండి. ఒక్కటీ నాది కాదు. అన్నీ మా ఆవిడవి.

ఆవిడ ముప్పై ఏళ్ళు గంప నెత్తిన పెట్టుకుని యానాం చుట్టూ ఊళ్ళు తిరిగింది. ఒకసారి ఎవరింటి ముందో గంప దించబోతే ఆ ఇల్లాలు అరుగు మీద వేపాకు పొగ వేస్తోందట. మా ఆవిడ, "పొమ్మంటే పోయేదాన్ని కదండీ, పొగెందుకండీ!" అందట. ఆవిడ నవ్వి రెండు శేర్ల రొయ్యలు కొంది. సాయంత్రం ఇంటికొచ్చి నాకు చెప్పింది. అదే వారం నాన్నగారు దోమకి ఏదైనా మంచి మాట రాయవోయ్ అన్నారు. రాసేశాను. పక్కింటికి వెళ్తాను, ఏమీ అనుకోకండి అన్నదీ అంతే. బేరం కుదరనప్పుడు ఆవిడ అనే మాట. మళ్ళీ రానండి అన్నది మరీ గీచి గీచి బేరమాడేవాళ్ళతో అనేది, మర్నాడు మళ్ళీ వెళ్ళేది.

ఆవిడకో పద్ధతి ఉందండి. ఒక మాట పొద్దున ఒక గుమ్మంలో తడితే, అక్కడ నవ్వితే, రెండో గుమ్మంలో కాస్త మార్చి అంటుంది. నాలుగు గుమ్మాలు నవ్వాక గానీ ఆ మాట ఇంటికి రాదు. నాకు చెప్పేసరికి అది సానపట్టిన కత్తిలా ఉండేది. నేను కుంచె పట్టుకోవడమే తరువాయి. చెవులు పోయాక కూడా నా ఎడమ చెవిలో అరిచి మరీ చెప్పేది.

మొదటిసారే చెప్పేద్దామనుకున్నానండి. ఇంతలో నాన్నగారు పదిమందిలో నీ బుర్ర గొప్పదన్నారు. ఆ రుచి మరిగాను. తరవాత ప్రతి గోడ కిందా "పోతురాజు ఆర్ట్స్, యానాం" అని రాసుకున్నాను. ఆవిడ గంప ఏరు దాటేది కాదు, ఇటు తిరిగే ఊళ్ళలో మాత్రం గోడ వెయ్యలేదు. ఎవరైనా చదివి వినిపిస్తే దొరికిపోతానని. గోడల మీద ఏం రాస్తావయ్యా అని అడిగితే, కాయిలు పేరూ ధరా అని చెప్పాను.

పైగా ఇంకో సిగ్గు ఉంది. కట్టుకున్న మనిషి గుమ్మంలో నిలబడి కడుపు కోసం అన్న మాటలు తీసుకెళ్ళి దోమ నోట్లో పెట్టాను. ఆవిణ్ణి దోమని చేశానని తెలిస్తే నా మొహం చూస్తుందా?

దయచేసి మన ఇద్దరి మధ్యే ఉంచండమ్మా. ఆవిడ గంప మానేశాక ఇంట్లో మాట పుట్టడం లేదు. నేను అడిగి చూశాను. "మాట గుమ్మంలో పుడుతుందయ్యా, మంచం మీద పుట్టదు" అంది.

పోతురాజు


భీమవరం
మే 16

పోతురాజు గారికి,

ఉంచను. ఆవిడకి తెలియకుండా ఇక ఒక్క మాట కూడా వాడుకోను. పాతవైనా సరే, కొత్తవైనా సరే.

మా జోలపాట ఆకుపచ్చ డబ్బా నాన్న ఆలోచనేనని ఊరంతా అనుకుంటారు. ఆ రంగు ఎంచింది అమ్మ. అమ్మ పోయిన పదిహేనో రోజు నాన్న ఆ సంగతి మాకు చెప్పి ఏడ్చారు. వినాల్సిన మనిషి వినలేదు. మహాలక్ష్మమ్మ గారు ఉన్నారు, చెవులూ బాగానే పనిచేస్తున్నాయి. చెప్పడానికి మీకేం?

మీరు చెప్పకపోతే జూన్ 9న నేనే లేచి కాయిల్ మ్యాన్‌కి చెయ్యెత్తుతాను. దోమగారంటే నాకు ప్రాణం. అయినా సరే.

హారతి


యానాం
మే 29

హారతమ్మ గారికి,

చెప్పానండి.

ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. బుల్లియ్య ఆటో మాట్లాడి, ముమ్మిడివరం వైపు పని ఉంది రమ్మన్నాను. ఆవిడ ఉత్తి చేతులతో బండెక్కనని సగం గంప రొయ్యలు వేసుకుంది. వంతెన దాటి ఎదుర్లంకలో శ్యామలాంబ గారి గోడ ముందు ఆపించాను. దోమని చూసి, ఇంట్లో నా కాయితం బొమ్మల్ని చూసి అన్నట్టే, "బొజ్జ బాగా కుదిరిందయ్యా" అంది. నేను కిందున్న అక్షరాల మీద వేలు పెట్టి చదివాను. నా గొంతు నాకు వినపడదు కదా, ఎంత గట్టిగా చదివానో ఏమో, వీధి వీధంతా బయటికొచ్చింది. శ్యామలాంబ గారు వచ్చి, "మా గోడ మాకే చదివి వినిపిస్తున్నారేంటండీ?" అన్నారట. బుల్లియ్య తరవాత చెప్పాడు. నేను వాళ్ళందరి ముందూ, "ఈ మాట మా ఆవిడదండి. నేను దొంగిలించి నా పేరు రాసుకున్నానండి" అని అరిచాను.

మహాలక్ష్మమ్మ గోడ దగ్గరికి వెళ్ళి అక్షరాలు చేత్తో తడిమి, ఇంకో గోడకి పోనీమంది. మురమళ్ళలో చదివాను. ఇంకోటి అంది. ముమ్మిడివరంలో రెండు చదివాను. అలా ఎనిమిది గోడలు తిరిగాం. అయిదో గోడ దగ్గర తన మాటకి తనే నవ్వేసింది. ఎనిమిదో గోడ దగ్గర నా ఎడమ చెవి పట్టుకుని ఇలా అంది: "ఏమయ్యా, ఇరవై ఏడేళ్ళు దోమ చేత ఊరూరా నా మాట చెప్పించావు. ఆ సంగతి నాకు చెప్పడానికి మాత్రం నీకు నోరు రాలేదు."

నేను ఏడ్చానండి. ఆవిడ చెవి వదల్లేదు.

మూడు రోజులు మాటల్లేవు. వంట చేసింది, పెట్టింది, చెవిలో అరవలేదు. నాకు అసలే వినపడదు, అయినా ఇల్లంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదండి. నాలుగో రోజు బుల్లియ్యని పిలిచి గంప ఎక్కించుకుని, నన్ను కూడా రమ్మంది. ఆటోలోనే కూర్చుని గుమ్మం గుమ్మం ముందూ ఆపించి అమ్మింది. సాయంత్రానికి ఇవి నా చెవిలో వేసింది. నాలుగు గుమ్మాలు దాటినవే ఇచ్చింది:

సంబంధం కుదరలేదండి. మీ ఇంటి గాలి మాకు పడదండి.
మురిక్కాలవలో పుట్టి పెరిగానండి. మీ ఇంటికొస్తేనే ఊపిరాడట్లేదండి.
తెర కట్టారు, ఫ్యాను వేశారు, కాయిలు పెట్టారు. ఒక్క ప్రాణికి ఇన్ని మర్యాదలెందుకండీ!

మిగతా రెండూ విడిగా కాయితం మీద ఉన్నాయి. రాసింది నేను. మాటలు మహాలక్ష్మమ్మవి.

పోతురాజు


భీమవరం
జూన్ 10

మహాలక్ష్మమ్మ పిన్ని గారికి,

ఇది మీకే రాస్తున్నాను. మనవరాలు రమ్యశ్రీ హాస్టలు నుంచి సెలవులకి వచ్చిందని బాబాయ్ గారు ఆ విడి కాయితం మీద రాశారు కదా, తన చేత చదివించుకోండి. బాబాయ్ గారి చేత వద్దు, వీధంతా బయటికొస్తుంది.

నిన్న మీటింగు అయింది. ముందు కాయిల్ మ్యాన్‌ని తెర మీద చూపించారు. పాలకొల్లు డీలరు బుల్లిరాజు గారు చాలాసేపు చూసి, "ఈయన ఇంట్లో దిగితే దోమల సంగతి తరవాతండి, ముందు ఈయనకి మూడు పూటలా ఎవరు వండుతారండీ?" అన్నారు. తరవాత మీ అయిదు మాటలూ బొమ్మలతో సహా వేశాను. సంబంధం కుదరలేదండి అన్నదానికి హాలు హాలంతా నవ్వింది. మా అన్నయ్య నవ్వు ఆపుకోడానికి నీళ్ళు తాగబోయి పొలమారి దగ్గాడు. నేనప్పుడు లేచి, ఈ మాటలు ఎవరివో, ఎలా పుట్టాయో, గోడల మీదకి ఎలా ఎక్కాయో అంతా చెప్పాను. తరవాత అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎదురుగా మీరు లేరే అని నాకు ఏడుపొచ్చింది.

దోమగారు ఉంటున్నారు. ఒక్క గోడకీ సున్నం పడదు. ఈ వానాకాలం నుంచి యానాం చుట్టూ ఊళ్ళలో కూడా గోడలు వేయిస్తాం. ప్రతి గోడ కిందా, పాతవాటితో సహా, "మాట: మహాలక్ష్మమ్మ" అని పెద్ద అక్షరాలతో మీ పేరు రాయిస్తాను. అన్నయ్య కూడా ఒప్పుకున్నాడు. మీరు సరేనంటే చాలు.

మీ మాటలు వింటూ పెరిగిన
హారతి


యానాం
జూన్ 19

అమ్మా హారతీ,

చల్లగా ఉండు తల్లీ. నేను చెప్తుంటే మా రమ్యశ్రీ రాస్తోంది. ఉన్నదున్నట్టు రాయమన్నాను, సొంత తెలివి కలపొద్దన్నాను.

నీ ఉత్తరం చదివించుకున్నాను. చప్పట్లు కొట్టారన్న కాడ మళ్ళీ చదవమన్నాను. ఎప్పుడో రాజోలు నుంచొచ్చిన మనిషెవరో నా మాట నాకే చెప్పి నవ్విస్తే, గాలికి అంత దూరం పోయిందేమో అనుకున్నానమ్మా. మా ఆయన మోసుకుపోయాడని అనుకోలేదు.

దోమని చేశాడని కుమిలిపోతున్నాడు. నువ్వు కూడా ఆ మాట మీద ఆయన్ని ఏమీ అనకు. గంప పట్టుకుని గుమ్మం ముందు నిలబడితే సగం ఇళ్ళల్లో నన్ను దోమని చూసినట్టే చూసేవారు. చెయ్యి విసిరి పో పో అనేవారు. అలాంటోళ్ళ చేత నవ్వించి రొయ్యలు కొనిపించాను నేను. దోమ అయితే ఏంటి, మర్యాద తెలిసిన దోమ. అది నేనే అంటే నాకు సంతోషమే. దొంగతనం సంగతి వేరు. అది నేనూ ఆయనా చూసుకుంటాం.

ఇక పేరు రాయిస్తానన్నావు. వద్దమ్మా. నా పేరు గోడంత రాయించినా నా కళ్ళకి అది గీతలే. ఇన్నేళ్ళూ ఆయన పేరు రాసుకుంటే కాయిలు ధర అనుకున్నదాన్ని, రేపు నా పేరు రాస్తే మాత్రం ఏమని పోల్చుకుంటాను? గోడ ముందు నిలబడి, బాబూ ఇది నా పేరేనా అని దారిన పోయేవాణ్ణి అడగాలా?

రమ్యశ్రీ చెప్పింది, కుట్టేది ఆడదోమేనంట. మగదోమ ఆకుల మీద రసం తాగి బతుకుతుందంట. మరి ఆ మీసం ఎవరిది, ఆ కండువా ఎవరిది? తీసేయించు. ట్రంకు పెట్టె బదులు నెత్తిన గంప పెట్టించు. ముక్కుకి నాలా ఎర్రరాయి ముక్కుపుడక పెట్టించు. అప్పుడు ఆటోలో పోతూ ఎవర్నీ అడక్కుండా నేనే పోల్చుకుంటాను, ఇది నా గోడ అని.

నీ జవాబు వచ్చేదాకా ఆగలేక మా వీధి చివర దొరబాబు గారి గోడ మీద ఒకటి వేయించేశాను. గంప బాగా కుదిరింది. చీర కుచ్చిళ్ళు ఆరు కాళ్ళకీ ఎలా సర్దాడో గానీ సర్దాడు. వీధిలో ఆడవాళ్ళందరూ వచ్చి, "మహాలక్ష్మమ్మా, నువ్వేనే!" అని ఒకటే నవ్వు. నేను కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నాను.

నలభై ఏళ్ళ కాపురం అమ్మా. పొద్దున లేస్తే నా మొహమే చూస్తాడు. ముక్కుపుడక ఎడమవైపు పెట్టాడు. చెరిపించి మళ్ళీ వేయించాను.

మహాలక్ష్మమ్మ